సుడి తిరిగే మబ్బు

1925 మార్చి 18న ఒకే టోర్నడో అమెరికాలో మూడు రాష్ట్రాలను ఊడ్చేసి 695 మందిని పొట్టన పెట్టుకుంది. ముందస్తు హెచ్చరిక ఏదీ లేదు. 1880ల్లోనే జాన్ ఫిన్లీ అనే సైనికాధికారి టోర్నడోల రాకను అంచనా కట్టడం మొదలుపెట్టాడు. జనం బెదిరిపోతారంటూ పైవాళ్లు ‘టోర్నడో’ అన్న మాటనే వాతావరణ సూచనల్లో నిషేధించారు. 1938 దాకా అదే తీరు. ఆ అతిజాగ్రత్తను నేను క్షమించలేను.

1948 మార్చి 20న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరంలో టోర్నడోకు విమానాలు తుక్కయ్యాయి. ఐదు రోజులకు ఆకాశంలో మళ్లీ అవే లక్షణాలు. ఫాబుష్, మిల్లర్ అనే అధికారులు తెగించి హెచ్చరిక ఇచ్చారు. ఆ సాయంత్రమే అక్కడ మరో టోర్నడో దిగింది.

అయినా మబ్బు కడుపులో ఏం జరుగుతోందో తెలిసింది ఇంగ్లండులో. 1959 జులై 9న వోకింగ్‌హామ్ మీదుగా సాగిన వడగళ్ల వానను కీత్ బ్రౌనింగ్, ఫ్రాంక్ లడ్లం రాడార్ సమాచారంతో క్షుణ్ణంగా పరిశీలించారు. జోరువాన పడే చోటి పక్కనే, మబ్బు లోపల ఖాళీ గూడులాంటిది కనిపించింది. నిజానికి అది ఖాళీ కాదు. అక్కడ గాలి ఎంత ఉరవడిగా పైకి లేస్తోందంటే, నీటి బిందువులు రాడారుకు ఆనేంత పెరిగే వ్యవధే ఉండదు. మామూలు ఉరుముల మబ్బులో వాన తనను మోసే గాలి మీదే పడి, గంటలోపే దాన్ని చల్లార్చేస్తుంది. ఇక్కడ రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి. అందుకే ఆ మబ్బు గంటల తరబడి బతుకుతుంది. బ్రౌనింగ్ దాన్ని సూపర్‌సెల్ అన్నాడు.

ఆ మబ్బు సుడి తిరగడానికీ గాలే కారణం. ఎత్తు పెరిగేకొద్దీ గాలి దిక్కూ వేగమూ మారితే, మధ్యలోని గాలి అడ్డంగా దొర్లుతుంది. పైకెగసే గాలి ఆ దొర్లుడును నిలువునా లేపితే మబ్బే తిరుగుతుంది. 1973 మే 24న ఓక్లహోమాలోని యూనియన్ సిటీ దగ్గర, టోర్నడో నేలను తాకకముందే మబ్బులోని సుడిని డాప్లర్ రాడార్ పట్టింది. నా దృష్టిలో ఈ చరిత్రలో ఇంతకు మించిన మలుపు లేదు. మచిలీపట్నం, విశాఖపట్నం, హైదరాబాద్‌లలోని డాప్లర్ రాడార్లూ మబ్బులోని గాలి కదలికను ఇలాగే కొలుస్తాయి.

టోర్నడో ఒక్కటే కాదు, పెద్ద వడగళ్లూ ఈదురుగాలులూ ఈ మబ్బు తెచ్చే ముప్పులే. 2010లో సౌత్ డకోటాలోని వివియన్‌లో పడిన వడగల్లు అడ్డకొలత 20 సెంటీమీటర్లు. బంగాళాఖాతం తేమ అందే బంగ్లాదేశ్‌లో 1989 ఏప్రిల్ 26న మానిక్‌గంజ్ ప్రాంతాన్ని తాకిన టోర్నడోకు సుమారు 1,300 మంది బలయ్యారు.

సూపర్‌సెల్‌లలో ఎక్కువ భాగం టోర్నడోను పుట్టించకుండానే చల్లారిపోతాయి. రాడార్ తెర మీద ఒకేలా తిరిగే రెండు మబ్బుల్లో ఏది దాన్ని నేల మీదికి దించుతుందో ముందే తేల్చడం ఇప్పటికీ కష్టమే.