మా ఊరి మ్యూజియం బళ్ళారిలో ఉంది

"మీ ఆదోనిలో చూడ్డానికేముంది?" అని ఎవరైనా అడిగితే కోట, షాహీ జామియా మసీదు చెప్పి, ఆ తర్వాత బళ్ళారి బస్సెక్కమంటాను. ఆలూరు మీదుగా దగ్గర దగ్గర 70 కిలోమీటర్లు. అక్కడ రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరు మీద సంగనకల్లు పురావస్తు మ్యూజియం ఉంది. నా దృష్టిలో అది మా ఊరి మ్యూజియమే.

పక్క రాష్ట్రంలో ఉన్నది మీదెలా అయిందంటారా? 1800లో నిజాం ఈ సీమని కుంఫిణీకి రాసిచ్చాక మేం బళ్ళారి జిల్లావాళ్ళమే. ఎమ్మిగనూరు అప్పట్లో ఆదోని తాలూకాలోని ఊరు. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరుకి పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకొచ్చాయి. మనుషుల్ని భాష లెక్కన పంచారు, సరే. రాళ్ళకి భాషేంటి?

ఫుట్ దొర భూగర్భ శాఖ ఉద్యోగి. 1863లో పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టుని గుర్తుపట్టింది ఈయనే. తర్వాత బళ్ళారి జిల్లా భూగర్భం మీద ఓ పెద్ద గ్రంథమే రాశాడు. ఆయన లెక్కలో బళ్ళారి జిల్లా అంటే ఆదోనితో కలిపే.

మ్యూజియంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి రాతి గొడ్డళ్ళు. సంగనకల్లు కొండల మీద నల్లరాయి కొట్టుకొచ్చి, చెక్కి, బండల మీద అరగదీసి నునుపు చేసేవాళ్ళు. మూడువేల ఏళ్ళ కిందటి మాట. ఒకటీ అరా కాదు, ఫ్యాక్టరీ స్థాయిలో!

ఇక బూడిద దిబ్బల కథ ఇంకా బావుంటుంది. జనం వాటిని రాక్షసుల చితులనుకునేవాళ్ళు. హంపి దగ్గర నింబాపురం దిబ్బయితే వాలిని దహనం చేసిన చోటంటారు. అది కాలిన పేడ అని ఫుట్ వాదించాడు. 1957లో ఆల్చిన్ ఉట్నూరులో (ఆదిలాబాద్‌ది కాదు, గద్వాల వైపుది) తవ్వితే పశువుల గిట్టల గుర్తులు కూడా బయటపడ్డాయి. అంటే అవి పశువుల దొడ్లు. పేడ పోగేసి తగలబెట్టేవాళ్ళన్నమాట. మన సీమ చరిత్ర రాజులతో కాదు, గొడ్లతో మొదలైంది.

అయితే అక్కడున్నది పూర్వచరిత్ర. మరి తర్వాతది? నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ ఆదోనిలో ఉండి ఏలాడు, 1782లో పోయాడు. 1786లో టిప్పు వచ్చి కోట పడగొట్టాడు. ఆదోని పత్తి, 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో పెట్టిన నేతగాళ్ళ సహకార సంఘం, ఇవన్నీ ఎక్కడ చూపిస్తాం? గవర్నమెంటు కోట్లు పెట్టి బిల్డింగు కట్టేదాకా ఆగక్కర్లేదు. ముందు ఒక గది, అందులో ఒక గుంటమగ్గం చాలు. నాడె ఏదో పన్నె ఏదో చూపించి, అది ఎందుకో చెప్పగల పెద్దవాళ్ళు ఎమ్మిగనూరులో ఇంకా ఉన్నారు. రికార్డు చెయ్యడానికి ఫోను సరిపోతుంది.