నిండు నెలలలో నిద్ర: ఒక పాత హెచ్చరిక చరిత్ర

“పక్క మారవలసి వస్తే ముందు లేచి కూర్చుని, ఆ తరువాత రెండవ పక్కకు తిరిగి పడుకోవాలి” అని నిండు చూలాలికి పెద్దవారు చెప్పడము మీలో చాలామంది వినే ఉంటారు. పడుకున్న చోటనే దొర్లితే కడుపులోని బిడ్డ మెడకు పేగు చుట్టుకుంటుందని వారి భయము. పేగు మెడలో వేసుకొని పుట్టిన బిడ్డ వలన మేనమామకు గండమనే నమ్మకము కూడా మన తెలుగు ఇళ్ళలో ఉన్నది.

నేను ఉద్యోగము చేస్తున్న రోజులలో, తొమ్మిదవ నెలలో కడుపులోనే బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి నన్ను ఒక ప్రశ్న అడిగింది. “ఆ రాత్రి నడుము నొప్పికి ఓర్చుకోలేక వెల్లకిల పడుకున్నాను. అందువలనే ఇలా జరిగిందా, డాక్టరు గారూ?” పక్కనే నిలబడిన ఆమె అత్తగారు తల వంచుకున్నారు. ఆ మాట ఇంటిలో అప్పటికే ఎవరో అన్నారని నాకు అర్థమయింది. అందువలన కాదని చెప్పి పంపించాను. ఆనాటి వైద్యశాస్త్రమునకు తెలిసినంతలో అది సరియైన సమాధానమే. కాని, ఆ తరువాత వెలువడిన పరిశోధనలు చదివినప్పుడల్లా ఆమె ప్రశ్న నాకు గుర్తుకు వస్తుంటుంది. గర్భిణి ఎలా నిద్రించాలో ఎవరెవరు ఏమి చెప్పారో, అందులో ఏది నిలిచిందో, ఏది నిలువలేదో మీకు తెలియజేయడానికి ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

ప్రాచీన గ్రంథములలో

చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయములో గర్భిణి పాటించవలసిన నియమములు ఉన్నాయి. వెల్లకిల పడుకొనే గర్భిణి కడుపులోని శిశువు మెడకు నాభినాళము చుట్టుకుంటుందని అక్కడ చెప్పారు. మన అమ్మమ్మల హెచ్చరికకు ఇది దగ్గర చుట్టమే. ఎల్లప్పుడూ నిద్రపోయే గర్భిణికి మందబుద్ధి గల సంతానము కలుగుతుందని కూడా అక్కడే ఉన్నది. సుశ్రుతసంహిత గర్భిణికి పగటి నిద్ర, రాత్రి జాగరణ రెండూ కూడవన్నది. ఆమె పడక మెత్తగా, మరీ ఎత్తు లేకుండా, ఆనుకోవడానికి ఆధారముతో, ఇరుకు లేకుండా ఉండాలని కూడా చెప్పింది. ఈ చివరి సలహాను నేటి వైద్యులు కూడా ఒక్క మాట మార్చనవసరము లేకుండా చెప్పవచ్చును.

ఇక మెడకు పేగు చుట్టుకోవడము విషయము. సుమారు నాలుగైదు కాన్పులలో ఒకదానిలో బొడ్డుతాడు శిశువు మెడ చుట్టూ కనిపిస్తుంది. శిశువు ఉమ్మనీటిలో తానుగా తిరుగుతూ ఉండడము వలన, బొడ్డుతాడు పొడవుగా ఉండడము వలన అలా జరుగుతుంది. తల్లి ఏ పక్కకు తిరిగిందో, కూర్చుని తిరిగిందో లేదో అన్నదానితో దానికి సంబంధము లేదు. అత్యధిక సందర్భములలో కాన్పు చేసేవారు ఆ తాడును శిశువు తల మీదుగా తప్పించివేస్తారు. బిడ్డకు ఏ హానీ కలుగదు. మేనమామలు కూడా నిశ్చింతగా ఉండవచ్చును.

అంటే, వెల్లకిల పడుకోవద్దన్న హెచ్చరిక మనకు అతి ప్రాచీనమైనదే గాని, దానికి చెప్పిన కారణము సరియైనది కాదు. అసలు కారణము బయటపడడానికి ఇరవయ్యవ శతాబ్దము రావలసి వచ్చింది. పాత నియమములలో మరొక లోపము కూడా ఉన్నది. బిడ్డకు ఏ లోపము కలిగినా దానికి మూలము తల్లి నిద్రలోనో, నడతలోనో వెదకడము వాటి ధోరణి. ఆ ధోరణి మాత్రము నేటికీ పోలేదు.

విశ్రాంతి హక్కుగా మారిన విధము

గర్భిణి విశ్రాంతిని నీతినియమముగా కాక, కొలిచి చూడదగిన విషయముగా తీసుకున్న వారిలో ముఖ్యుడు పారిస్ ప్రసూతి వైద్యుడు అడోల్ఫ్ పినార్. శిశువు గుండె చప్పుడు వినడానికి వాడే బూర వంటి గొట్టము ఆయన పేరుతోనే ప్రసిద్ధము. 1895లో ఆయన ఒక పోలికను ప్రకటించారు. కాన్పు దినము వరకు పనిచేసిన పేద స్త్రీల బిడ్డలను, కాన్పుకు ముందు శరణాలయములో విశ్రాంతి తీసుకున్న స్త్రీల బిడ్డలను తూచి చూస్తే, రెండవ వర్గము బిడ్డల సగటు బరువు సుమారు 300 గ్రాములు ఎక్కువగా ఉన్నది. తిండిలోని భేదము కూడా ఇందులో కలిసి ఉండవచ్చును. అయినా చట్టములు చేసేవారికి ఈ లెక్క బాగా అర్థమయింది. ఫ్రాన్సులో 1913లో ప్రసూతి విశ్రాంతి చట్టము వచ్చింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కాన్పుకు ముందు ఆరు వారముల సెలవును స్త్రీ హక్కుగా గుర్తించింది.

మన దేశములో 1929లో బొంబాయి రాష్ట్రము ప్రసూతి ప్రయోజన చట్టము చేసింది. తరువాత మద్రాసు రాష్ట్రము కూడా అదే దారి పట్టింది. దేశమంతటికీ వర్తించే చట్టము 1961లో వచ్చింది. 2017 సవరణతో వేతనముతో కూడిన సెలవు 26 వారములయింది. అందులో 8 వారముల వరకు కాన్పుకు ముందే తీసుకోవచ్చును. ఏ చట్టమూ లేని కాలములో మన సమాజము ఈ పనిని మరొక విధముగా చేసుకున్నది. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో చూలాలిని పుట్టింటికి తీసుకొని వెళ్ళే ఆచారములోని ప్రధాన ప్రయోజనము విశ్రాంతియే. అత్తవారింట అందరికంటె ముందు లేచి, అందరి తరువాత పడుకునే కోడలికి కంటి నిండా నిద్ర దొరికేది అక్కడనే. అయితే నాట్లు వేసే కూలీకి, ఇటుక బట్టీలో పనిచేసే తల్లికి సెలవు చట్టము గాని, పుట్టింటి ఆచారము గాని అన్నివేళలా అందుబాటులో లేవన్నది మనము మరువరాదు.

మాత్రలతో నిద్ర కొనుక్కున్న కాలము

1957 అక్టోబరు 1న పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర విక్రయమునకు వచ్చింది. వైద్యుని చీటీ లేకుండానే దొరికేది. గర్భిణులకు కూడా నిరపాయకరమని ప్రచారము జరిగింది. నిద్ర కొరకు, వేవిళ్ళు తగ్గడము కొరకు ఎందరో తల్లులు వేసుకున్నారు. ఫలితముగా కాళ్ళు చేతులు సరిగా ఏర్పడని శిశువులు 10,000 మందికి పైగా పుట్టారు. హాంబర్గులో విడుకిండ్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ ఈ సంబంధమును గుర్తించారు. 1961 నవంబరులో ఆ మందును జర్మనీ విపణి నుండి తొలగించారు. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి ఋజువులు చాలవని అనుమతి ఇవ్వకపోవడము వలన అక్కడ ఎందరో బిడ్డలు రక్షింపబడ్డారు.

ఆ మందు హాని చేసినది గర్భము తొలి వారములలో, అవయవములు ఏర్పడే సమయములో. ఐనా అది నేర్పిన పాఠము తొమ్మిది నెలలకూ వర్తిస్తుంది. గర్భిణికి నిద్ర పట్టనప్పుడు మందుల దుకాణములో అడిగి మాత్ర తెచ్చుకోవడము మంచి ఉపాయము కాదు.

వెల్లకిల పడుకుంటే ఏమి జరుగుతుంది?

మరల మన పాత హెచ్చరిక వద్దకు వద్దాము. నెలలు నిండిన స్త్రీలలో కొందరు వెల్లకిల పడుకోగానే పాలిపోయి, చెమటలు పట్టి, కళ్ళు తిరిగి సొమ్మసిల్లడము వైద్యులు గమనించారు. పక్కకు తిప్పగానే తేరుకొనేవారు. 1953లో హోవార్డ్, గుడ్‌సన్, మెంగర్ట్ అనే అమెరికా వైద్యులు ఈ స్థితిని విపులముగా వర్ణించి, వెల్లకిల పడుకున్నప్పుడు రక్తపీడనము పడిపోయే రుగ్మతగా దానికి పేరు పెట్టారు. 1960 దశకములో బ్రిటను వైద్యులు సిరలలోనికి రంగు పదార్థము ఎక్కించి ఎక్స్‌రే చిత్రములు తీసి, దాని కారణమును కంటికి చూపించారు.

కారణము సులభముగానే అర్థమవుతుంది. కాళ్ళ నుండి, కటి భాగము నుండి రక్తమును గుండెకు తిరిగి చేర్చే పెద్ద సిరను అధోబృహత్సిర అంటారు. అది వెన్నెముకకు ముందు, కొంచెము కుడివైపుగా ఉంటుంది. నెలలు నిండిన గర్భాశయము బరువు శిశువుతో, ఉమ్మనీటితో కలిసి సుమారు 5 కిలోలు ఉంటుంది. తల్లి వెల్లకిల పడుకుంటే ఆ బరువు ఈ సిరను వెన్నెముకకు అదిమివేస్తుంది. గుండెకు చేరే రక్తము తగ్గుతుంది, గుండె బయటకు పంపే రక్తమూ తగ్గుతుంది, గర్భాశయమునకు అందేదీ తగ్గుతుంది. చాలామందిలో వెన్ను పక్కనుండే ఇతర సిరల ద్వారా కొంత రక్తము దారి మళ్ళి గుండెకు చేరుకుంటుంది గనుక వారికి ఏ బాధా తెలియదు. ఆ ప్రత్యామ్నాయము చాలని కొద్దిమందికి మాత్రము కళ్ళు తిరుగుతాయి.

నేను వైద్యము నేర్చుకొనే రోజులలోనే, సిజేరియను శస్త్రచికిత్స బల్లపై గర్భిణి కుడి తుంటి క్రింద మడత పెట్టిన దుప్పటి పెట్టి, ఆమెను కొంచెము ఎడమవైపుకు వాల్చేవారము. శస్త్రచికిత్సకు పట్టే కొద్దిసేపటికే ఇంత జాగ్రత్త తీసుకున్న మేము, రాత్రి ఆరేడు గంటల నిద్ర గురించి ఆమెకు ఏమీ చెప్పలేదు. ఆ ప్రశ్న అడగాలని కూడా మాకు తోచలేదు.

ఆ ప్రశ్న అడిగినవారు

ఆ ప్రశ్నను న్యూజీలండులోని ఆక్లండు పరిశోధకులు అడిగారు. 28 వారములు దాటాక మృతశిశువును ప్రసవించిన 155 మంది తల్లులను, గర్భము సజావుగా కొనసాగుతున్న 310 మంది స్త్రీలను వారి నిద్ర గురించి ప్రశ్నించి, 2011లో ఫలితములు ప్రచురించారు. చివరి రాత్రి ఎడమవైపు తిరిగి నిద్రకు ఉపక్రమించిన వారిలో మృతశిశు జననముల ప్రమాదము వేయికి సుమారు 2 కాగా, అలా చేయనివారిలో వేయికి సుమారు 4 అని అంచనా వేశారు. తరువాత పలు దేశముల అధ్యయనములను కలిపి, 851 మంది మృతశిశువుల తల్లుల వివరములను 2,257 మంది ఇతర గర్భిణుల వివరములతో పోల్చి 2019లో ప్రచురించిన విశ్లేషణలో, వెల్లకిల నిద్రకు ఉపక్రమించిన వారిలో ప్రమాదము సుమారు రెండున్నర రెట్లు ఉన్నట్లు తేలింది. కుడివైపు పడుకున్నా ఎడమవైపు పడుకున్నా తేడా లేదని కూడా అదే విశ్లేషణ చూపించింది.

ఈ అధ్యయనములకు పరిమితులు ఉన్నాయి. బిడ్డ పోయిన తరువాత తల్లిని ఆ రాత్రి గురించి అడిగినప్పుడు, దుఃఖము జ్ఞాపకమును మార్చివేయగలదు. అమెరికాలో 8,000 మందికి పైగా స్త్రీలను కాన్పుకు చాలా ముందుగానే ప్రశ్నించిన మరొక అధ్యయనములో, 30 వారముల వరకు నిద్ర భంగిమకు, గర్భ ఫలితములకు సంబంధము కనబడలేదు. చివరి వారముల గురించి మాత్రము ఆ అధ్యయనము ఏమీ చెప్పలేదు. అన్నీ బేరీజు వేసుకొని, 28 వారములు దాటాక వెల్లకిల నిద్రకు ఉపక్రమించవద్దని చెప్పమని బ్రిటను ఆరోగ్య మార్గదర్శకములు 2021లో వైద్యులకు సూచించాయి.

ఆ తల్లికి ఈనాడు నా సమాధానము

ఆమె నేడు అదే ప్రశ్న అడిగితే ఇలా చెప్తాను. “అమ్మా! వెల్లకిల పడుకునే స్త్రీలలో అత్యధికులకు ఆరోగ్యవంతమైన బిడ్డలే పుడతారు. జరాయువు లోపములు, అధిక రక్తపీడనము, మధుమేహము, అంటురోగములు, బిడ్డ ఎదుగుదల తగ్గడము వంటి కారణములు ఎన్నో ఉన్నాయి. ఒక రాత్రి నిద్రకు ఒక బిడ్డ మరణమును ముడిపెట్టే ఆధారము ఏ పరిశోధనలోనూ లేదు. పక్కకు తిరిగి పడుకోమని ముందుగా చెప్పవలసిన బాధ్యత మాది. అప్పటికి మాకే తెలియదు. మీ తప్పు లేదు.” ఈ మాటలు ఆమెకు వినిపించేటట్లు కాక, ఆమె అత్తగారికి కూడా వినిపించేటట్లు చెప్తాను.

ఇప్పుడు మీరు చేయవలసినవి

ఏడవ నెల నుండి రాత్రి గాని, పగలు గాని నిద్రకు ఉపక్రమించేటప్పుడు ఏదో ఒక పక్కకు తిరిగి పడుకోండి. ఎడమవైపే పడుకోవాలనే నిర్బంధము లేదు. మోకాళ్ళ నడుమ ఒక దిండు, వీపు వెనుక ఒక దిండు ఉంటే సుఖముగా ఉంటుంది. దిండ్లు లేనివారు మడత పెట్టిన పాత చీరలు, బొంత వాడుకోవచ్చును. మధ్యలో మెలకువ వచ్చి వెల్లకిల ఉన్నట్లు గమనిస్తే భయపడకుండా పక్కకు తిరిగి మరల నిద్రపోండి. లేచి కూర్చుని తిరగనవసరము లేదు. అలా లేవడము నడుముకు సులువుగా ఉంటే మానవలసిన పనీ లేదు.

రాత్రి భోజనము పెందలకడనే ముగిస్తే గుండె మంట తగ్గుతుంది. పడుకొనే ముందు గంట రెండు గంటలు నీరు తగ్గించి, ఆ లోటు పగలు త్రాగి తీర్చుకోండి. పడుకోగానే కాళ్ళు కదపకుండా ఉండలేకపోతే రక్తహీనత, ఇనుము లోపము ఉన్నాయేమో పరీక్ష చేయించుకోండి. గురక కొత్తగా మొదలయితే రక్తపీడనము చూపించుకోండి. అరచేతులు, అరికాళ్ళు రాత్రివేళ విపరీతముగా దురద పెడితే అది కాలేయమునకు సంబంధించిన గర్భ సమస్య కావచ్చును, ఆలస్యము చేయకండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడము ఉన్నా, బిడ్డ కదలికలు తగ్గినట్లు అనిపించినా, తెల్లవారే వరకు వేచి ఉండకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇంటిలోని మిగిలినవారికి ఒక్క మాట. చూలాలు ఏ పక్కకు తిరిగి పడుకున్నదో కాపలా కాయవద్దు. తెల్లవారుజామున పాలు కాచే పని, నీళ్ళు పట్టే పని మీరు అందుకోండి. ఆమెను ఇంకొక గంట పడుకోనివ్వండి.