అప్పు తీరితే సరిపోదు, కాగితం చేతికి రావాలి: విశాఖ పేదల గృహరుణాలు, మాఫీలు, హక్కులు

విశాఖపట్నంలో ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నగరపాలక సంస్థ మూడూ దళితుల శ్రమ మీద నడుస్తున్నాయి. పోర్టులో బరువులు మోసేవాళ్లు, స్టీల్‌ప్లాంటు కాంట్రాక్టు కార్మికులు, జీవీఎంసీ పారిశుధ్య కార్మికుల్లో చాలామంది మాల, మాదిగ, రెల్లి కులాలవాళ్లే. ఇలాంటి కుటుంబం గృహరుణం కోసం బ్యాంకుకు వెళితే రెండు కాగితాలు అడుగుతారు: ఆదాయానికి రుజువు, స్థలానికి హక్కు పత్రం. కాంట్రాక్టు కూలీకి మొదటిది సరిగా ఉండదు. చేతిలో ఉన్నది డి-పట్టా అయితే రెండోదీ చెల్లదంటారు. అందుకే ఈ కుటుంబాలకు గృహరుణం అంటే ప్రధానంగా ప్రభుత్వం ఇచ్చిన, ప్రభుత్వం ఇప్పించిన, లేదా ప్రభుత్వం వడ్డీ రాయితీ ఇచ్చిన అప్పే. నలభై ఏళ్లుగా ఈ అప్పుల నిబంధనలు మారుతూ వచ్చాయి. ప్రతి మార్పునూ ఒక్క ప్రశ్నతో కొలవాలి: చివరికి ఇంటి హక్కు ఎవరి పేరున మిగిలింది?

గృహనిర్మాణ సంస్థ పాత అప్పులు

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. 1983 తర్వాత బలహీనవర్గాల పక్కా ఇళ్ల కార్యక్రమం పెద్దయెత్తున సాగింది. ఇంటి ఖర్చులో కొంత సబ్సిడీగా, కొంత అప్పుగా ఇచ్చేవారు. స్థలం పట్టా సంస్థ దగ్గర తాకట్టు ఉండేది. కూలి మీద బతికే కుటుంబాలు కిస్తీలు కట్టలేకపోయాయి. వడ్డీ పెరిగింది, వసూలు పెద్దగా జరగలేదు. ఇంట్లో ఉండటానికి ఎవరూ అడ్డు చెప్పలేదు గానీ ఆ ఇల్లు రిజిస్టర్ కాలేదు, అమ్ముకోవడానికి, మరో చోట తాకట్టు పెట్టుకోవడానికి పనికిరాలేదు. రెండు తరాలు కాపురం చేసిన ఇల్లు కూడా ఆస్తి లెక్కలోకి రాలేదు.

2021 నాటి ఓటీఎస్

ఈ పాత బాకీల కోసమే 'జగనన్న సంపూర్ణ గృహ హక్కు పథకం' వచ్చింది. 2021 డిసెంబర్ 21న తణుకులో దీన్ని ప్రారంభించారు. 1983 నుంచి 2011 ఆగస్టు 15 వరకు సంస్థ దగ్గర అప్పు తీసుకున్నవారికి వన్ టైమ్ సెటిల్‌మెంట్ అవకాశం ఇచ్చారు.

- అసలు లబ్ధిదారు లేదా వారసులు గ్రామాల్లో రూ. 10,000, మున్సిపాలిటీల్లో రూ. 15,000, కార్పొరేషన్లలో రూ. 20,000 కట్టాలి.
- ఇల్లు చేతులు మారి ఉంటే ప్రస్తుతం ఉంటున్నవారు దీనికి రెట్టింపు, అంటే రూ. 20,000, 30,000, 40,000 కట్టాలి.
- బాకీ ఈ మొత్తాల కన్నా తక్కువ ఉంటే ఆ బాకీ కడితే చాలు.
- ప్రభుత్వ స్థలంలో అప్పు తీసుకోకుండా ఇల్లు కట్టుకున్నవారికి రూ. 10తో హక్కు పత్రం.

స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ రుసుము రద్దు చేశారు. రిజిస్ట్రేషన్ గ్రామ, వార్డు సచివాలయాల్లోనే చేస్తామన్నారు. ఆస్తిని 22-ఎ నిషేధిత జాబితా నుంచి తొలగిస్తామన్నారు. విశాఖ నగరవాసులకు వర్తించింది కార్పొరేషన్ రేటు.

దీని మీద వచ్చిన విమర్శ రెండు రకాలు. ఒకటి, పేదల బాకీ పూర్తిగా రద్దుచేయకుండా హక్కుకు ధర ఎందుకు పెట్టారన్నది. రెండోది ఒత్తిడి. పథకం స్వచ్ఛందమని ప్రభుత్వం ప్రకటించినా, శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో డబ్బు కట్టకపోతే పింఛను ఆపేస్తామని ఒక పంచాయతీ కార్యదర్శి నోటీసు ఇచ్చారు. అది బయటపడ్డాక ఆయన్ను సస్పెండ్ చేశారు. ఇంటి బాకీని పింఛనుతో ముడిపెట్టడానికి చట్టంలో ఆధారమే లేదు. అయినా అలాంటి బెదిరింపు పనిచేస్తుందని ఒక ఉద్యోగి నమ్మాడంటే, సంక్షేమాన్ని హక్కుగా అడగలేని స్థితిలో పేదలు ఉన్నారనే అర్థం.

తాకట్టుకు దారి, అమ్మకానికి అడ్డు

పేదలకిచ్చిన భూమిని ఆసాములు కాజేయకుండా 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం (9/1977) తెచ్చారు. దళితుల భూమికి ఇది ఇప్పటికీ ముఖ్యమైన రక్షణ. అయితే ఇదే చట్టంలోని 6వ సెక్షన్ ప్రభుత్వానికి, సహకార సంఘానికి, షెడ్యూల్డ్ బ్యాంకుకు చేసిన తాకట్టును నిషేధం నుంచి మినహాయించింది. 'డి-పట్టా మీద అప్పు ఇవ్వడం చట్టవిరుద్ధం' అని బ్యాంకు మేనేజర్ అంటే ఈ సెక్షన్ చూపించాలి. బ్యాంకులు వెనకాడటానికి అసలు కారణం వేరే: 22-ఎ జాబితాలో ఉన్న ఆస్తిని రేపు వేలం వేస్తే కొనేవాడు దొరకడు.

2019లో చట్టాన్ని సవరించి ఇళ్ల స్థలాలను 20 ఏళ్ల తర్వాత అమ్ముకోవచ్చన్నారు. 2021లో ఆ గడువును 10 ఏళ్లకు తగ్గించారు. దీనివల్ల ఆస్తికి మార్కెట్ విలువ వస్తుంది. అవసరంలో ఉన్న కుటుంబం చవగ్గా అమ్ముకునే ప్రమాదమూ వస్తుంది. ఈ రెంటినీ కలిపే చూడాలి.

విశాఖలో ఈ చట్టం మరో రూపంలో కనిపించింది. 2020 జనవరి 25 నాటి జీవో 72తో, నగర పేదల ఇళ్ల స్థలాల కోసం 10 మండలాల్లో 6,116 ఎకరాల సమీకరణకు ప్రభుత్వం పూనుకుంది. అసైన్డ్ పట్టాదారుకు ఎకరాకు 900 చదరపు గజాలు, పదేళ్లకు పైగా సాగులో ఉన్న ఆక్రమణదారుకు 450, ఐదు నుంచి పదేళ్లు ఉన్నవారికి 250 గజాల అభివృద్ధి చేసిన స్థలం ఇస్తామంది. ఎకరం అంటే 4,840 గజాలు. 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో సుమారు 1.23 లక్షల పట్టాల పంపిణీ మొదలైంది. నగరంలో లబ్ధిదారుకు దక్కేది సెంటు, అంటే 48.4 గజాలు. ఒక పేద సాగు చేసుకున్న నేల మరో పేదకు సెంటు స్థలమైంది. ఇల్లు కట్టడానికి రూ. 1.80 లక్షల సాయం, పైన మహిళల పేరిట పావలా వడ్డీకి రూ. 35,000 బ్యాంకు రుణం ఇస్తామన్నారు.

టిడ్కో ఇల్లు: తాళం రాకముందే కిస్తీ

టిడ్కో అపార్టుమెంట్లలో 300 చదరపు అడుగుల ఇల్లు ఒక్క రూపాయికే ఇస్తామని 2019 తర్వాతి ప్రభుత్వం ప్రకటించింది. 365 అడుగుల ఇంటికి రూ. 3.15 లక్షలు, 430 అడుగుల ఇంటికి రూ. 3.65 లక్షలు బ్యాంకు రుణం. అప్పు లబ్ధిదారు మహిళ పేరున ఉంటుంది. నిర్మాణం ఆలస్యమై, ఇల్లు అప్పగించకముందే మారటోరియం ముగిసి, బ్యాంకులు కిస్తీలు అడగడం రాష్ట్రంలో చాలాచోట్ల జరిగింది. ఆ కుటుంబం ఒకవైపు అద్దె, మరోవైపు కిస్తీ మోయాలి. ఆలస్యం చేసింది ప్రభుత్వం, డిఫాల్టర్ అని ముద్రపడేది ఆమెకు. ఆ ముద్ర క్రెడిట్ రికార్డులో ఉంటే రేపు పొదుపు సంఘం రుణానికీ ఇబ్బందే.

ఇటీవలి మార్పులు

2015 నాటి పీఎంఏవై పట్టణ పథకంలో రూ. 6 లక్షల లోపు వార్షికాదాయం ఉన్నవారికి రూ. 6 లక్షల వరకు రుణంపై 6.5 శాతం వడ్డీ రాయితీ ఉండేది. అది 2022 మార్చి 31తో ఆగింది. 2024 సెప్టెంబర్ నుంచి పీఎంఏవై పట్టణ 2.0లో కొత్త రూపం వచ్చింది: ఆదాయం రూ. 9 లక్షల లోపు, ఇంటి విలువ రూ. 35 లక్షల లోపు, రుణం రూ. 25 లక్షల లోపు ఉండాలి. మొదటి రూ. 8 లక్షలపై 12 ఏళ్ల వరకు 4 శాతం రాయితీ. మొత్తం గరిష్ఠంగా రూ. 1.80 లక్షలు, ఐదు వార్షిక వాయిదాల్లో ఇస్తారు. వాయిదా రావాలంటే రుణం కొనసాగుతూ ఉండాలి, అసలులో సగానికి పైగా మిగిలి ఉండాలి. బ్యాంకు ముందుగా అప్పు ఇస్తేనే ఈ రాయితీ. అంటే హక్కు పత్రం లేనివారు మళ్లీ బయటే.

2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం నిర్మాణం మధ్యలో ఆగిన ఇళ్లకు అదనపు సాయం ప్రకటించింది: ఎస్సీ, బీసీలకు రూ. 50,000, ఎస్టీలకు రూ. 75,000, ఆదిమ గిరిజన తెగలకు రూ. లక్ష. ఇది అప్పు కాదు, తిరిగి కట్టనక్కర్లేదు.

నోటీసు వస్తే

బ్యాంకు రుణంలో బకాయి 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. తర్వాత సర్ఫేసీ చట్టం, 2002 కింద ఇవి గుర్తుపెట్టుకోవాలి:

- 13(2) నోటీసుకు 60 రోజుల గడువు ఉంటుంది. ఈలోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. 15 రోజుల్లో బ్యాంకు కారణాలతో జవాబివ్వాలి.
- 13(4) కింద స్వాధీనానికి దిగితే 45 రోజుల్లో 17వ సెక్షన్ కింద రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. విశాఖపట్నంలోనే ట్రిబ్యునల్ ఉంది.
- లక్ష రూపాయలు మించని రుణానికి, అసలు వడ్డీ కలిపి 20 శాతం కన్నా తక్కువ బాకీ మిగిలిన రుణానికి ఈ చట్టం వర్తించదు.
- అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు రూ. 5,000 పరిహారం. ఈ రిజర్వ్ బ్యాంకు నిబంధన 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది.

అడగాల్సిన లెక్కలు

ఓటీఎస్ కట్టిన కుటుంబం మూడు విషయాలు చూసుకోవాలి: రిజిస్టర్డ్ పత్రం చేతికొచ్చిందా, ఈసీలో పాత తాకట్టు రద్దయినట్టు ఉందా, సర్వే నంబరు 22-ఎ జాబితా నుంచి పోయిందా. ఇందులో ఏ ఒక్కటి జరగకపోయినా కట్టిన డబ్బుకు హక్కు రాలేదనే లెక్క.

విద్యార్థులు, సంఘాలు సమాచార హక్కు చట్టం కింద వార్డుల వారీగా, కులాల వారీగా ఈ లెక్కలు అడగాలి: ఓటీఎస్‌కు ఎంతమంది కట్టారు, ఎంతమందికి పత్రాలు అందాయి, టిడ్కో రుణాల్లో ఎన్ని ఎన్‌పీఏ అయ్యాయి, కొత్త వడ్డీ రాయితీ ఎస్సీలకు ఎంతమందికి చేరింది. ప్రభుత్వాలు మాఫీని కోట్లలో చెబుతాయి. గాజువాకలోనో కంచరపాలెంలోనో ఒక ఇంటి గడప దగ్గర ఆ కోట్లకు విలువ ఉండేది ఆ ఇల్లాలి పేరున చెల్లుబాటయ్యే పత్రం ఉన్నప్పుడే.