సూరత్ గోరీల నడుమ చావని తత్త్వవేత్త

కతార్‌గామ్ దర్వాజా దగ్గర ఆటో దిగండి. చీరల బేళ్లు ఎత్తుకున్న టెంపోలను తప్పించుకుంటూ రోడ్డు దాటండి. వజ్రాలు సానబట్టే కార్ఖానాలకు పెట్టింది పేరు ఈ పేట. గేటులోకి అడుగు పెట్టగానే బయటి రొద సగానికి పడిపోతుంది. ఎదురుగా గుమ్మటాలు, మెట్లు, కమానులు. ఎవరో నవాబు సమాధి అనుకుంటారు. కాదు, ఈస్టిండియా కంపెనీ దొరల గోరీ. 1659లో పోయిన క్రిస్టఫర్ ఆక్సెండెన్, 1669లో పోయిన అతని సోదరుడు సర్ జార్జ్ ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. 1664లో శివాజీ సూరత్‌ను దోచినప్పుడు ఇంగ్లీషు కోఠీని కాపాడుకున్నది ఈ జార్జే. బతికుండగా బట్టల వ్యాపారం, పోయాక మొగలాయి దర్జా! స్తంభం మీద చెయ్యి వేసి చూడండి. సున్నం పొడి వేళ్లకు అంటుకుంటుంది.

కొద్ది దూరంలోనే డచ్చివాళ్ల శ్మశానం. అందులో భారీ కట్టడం హెండ్రిక్ వాన్ రీడ్‌ది. మలబారు మొక్కల మీద పన్నెండు సంపుటాల ‘హోర్తుస్ మలబారికుస్’ తెచ్చిన మనిషి. డచ్చి కంపెనీలో తినేసినవాళ్ల లెక్కలు తేల్చడానికి బయల్దేరి, 1691 డిసెంబరులో బొంబాయి తీరానికి దగ్గర్లో ఓడలోనే పోయాడు. పుకారు పుట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా ఆయన ఇంకా బతికే ఉన్నాడని ఎవరూ అనలేదు. ఇంత బరువైన రాయి నెత్తిన పెట్టాక అనడం కష్టమే.

ఆ అదృష్టం ఇంగ్లీషు తత్త్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్‌కు పట్టింది. 1626 ఏప్రిల్ 9, ఈస్టర్ ఆదివారం నాడు లండన్ పక్కన హైగేట్‌లో ఆయన చనిపోయాడు. అప్పటికే ఈ సూరత్‌లో ఇంగ్లీషు కోఠీ నడుస్తోంది. మంచులో పెడితే మాంసం కుళ్లకుండా ఉంటుందేమో చూద్దామని కోడి కడుపులో మంచు కూరుతూ జలుబు చేసి పోయాడని జాన్ ఆబ్రీ తర్వాత రాసిపెట్టాడు. కథ రుచిగా ఉంది. రుచిగా ఉన్నందుకే కొందరికి అనుమానం వచ్చింది. 1621లో లంచాల కేసులో పదవి పోయింది, మీద ఇరవై వేల పౌండ్లకు పైగా అప్పు. ఇంకేం, రోజీక్రూషియన్ల రహస్య సంఘం ఆయన్ని దాటించేసిందన్నారు. శవపేటికలో ఇంకెవరో ఉన్నారన్నారు. ఐరోపాలో మారుపేరుతో చాలాకాలం బతికాడన్నారు. ఆ సంఘం పేరుతో జర్మనీలో 1614లో, 1615లో కరపత్రాలు వెలువడ్డ మాట నిజం. అందులో బేకన్ సభ్యుడనడానికి ఆధారం మాత్రం లేదు.

ఆ ఊహకు విత్తనం బేకన్ చేతిదే. ఆయన పోయాక అచ్చయిన ‘న్యూ అట్లాంటిస్’లో ఎవరికీ తెలియని ద్వీపం ఒకటుంది. అక్కడి పండితులు వేరే దేశాల వాళ్లమని చెప్పుకుని ఓడలెక్కి, లోకంలోని విద్యలన్నీ మూట కట్టుకుని వస్తారు. ఈ ముక్క గుర్తుపెట్టుకుని షాపోర్ వైపు నడవండి.

ఇది పాత పార్శీ పేట. 1823లో వెలిసిన రెండు ఆతష్ బెహ్రాంలు, అంటే అగ్ని ఆలయాలు, ఇక్కడే ఉన్నాయి. లోపలి అగ్ని పార్శీలకే. మీరూ నేనూ గుమ్మం బయట ఆగిపోవాల్సిందే. సుఖడ్ అని పిలిచే గంధపు చెక్క వాసన మాత్రం గోడ దాటి వస్తుంది. 1858లో పుట్టిన బెహ్రాంషా నౌరోజీ షరాఫ్ పెరిగింది ఈ ఊళ్లోనే. నత్తి, చదువు అంతంతమాత్రం. పదిహేడు పద్దెనిమిదేళ్లప్పుడు ఇంట్లో అలిగి పెషావర్‌లోని మేనమామ దగ్గరికి పోయాడు. తర్వాతి కథ ఆయన చెప్పిందే. ముస్లింల వేషంలో తిరిగే రహస్య జొరాస్ట్రియన్ల బిడారు ఒకటి కలిసింది. వాళ్లు ఇరాన్‌లోని దమావంద్ కొండకు తీసుకెళ్లారు. కొండలోపల ఫిర్దౌస్ అనే చోట ‘సాహెబ్ దిలాన్’ అనే గురువులు ప్రాచీన విద్యను కాపాడుతున్నారు. మూడేళ్లు నేర్పి పంపేశారు. నత్తి పోయింది.

సూరత్‌కు తిరిగొచ్చి ఏం చేశాడు? నోరు విప్పలేదు. దాదాపు ముప్పై ఏళ్లు! ఈ మౌనం దగ్గరే నేను ఆగిపోతాను. మోసగాడైతే మరుసటి వారమే దుకాణం తెరిచేవాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మాట్లాడడం మొదలెట్టాక ‘ఇల్మె క్ష్నూమ్’ పేరుతో పార్శీల్లో ఒక శాఖే ఏర్పడింది. పునర్జన్మ ఉందన్నాడు, మాంసం వద్దన్నాడు. ఇవి మా మతంలోవి కావని చాలామంది పార్శీ పండితులు కొట్టిపారేశారు. 1882లోనే బొంబాయిలో పార్శీలను కూర్చోబెట్టి థియోసఫీ నాయకుడు ఆల్కాట్ ఉపన్యసించాడు, షరాఫ్ చెప్పింది ఆ థియోసఫీ నీడే అన్నవాళ్లూ ఉన్నారు. ఆ థియోసఫీ గురుపరంపరలో బేకన్‌కూ కుర్చీ వేశారు. ఆ పరంపరలోని గురువు సెయింట్ జర్మైన్‌కు ఒకప్పటి అవతారం బేకనేనని అనీబిసెంట్ రాసింది. మన మదనపల్లె కుర్రాడు జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువును చేయబోయిందీ ఆవిడే. ఆయన 1929లో అందుకోసం పెట్టిన సంఘాన్ని రద్దు చేసి దణ్ణం పెట్టేశాడు.

సాయంత్రానికి లింబాయత్‌కు రండి. పవర్‌లూమ్‌ల టకటక మధ్య తెలుగు వినపడుతుంది. తెలంగాణ నుంచి తరలివచ్చిన పద్మశాలీల ఇళ్లు ఇవి. మున్సిపాలిటీ వాళ్లు తెలుగు మీడియం బడులు కూడా నడుపుతున్నారు. అరుగు మీద కూర్చున్న ఓ పెద్దాయన దగ్గర కాలజ్ఞానం మాటెత్తి, బ్రహ్మంగారు ఎప్పుడు చనిపోయారని అడగండి. “సచ్చుడేంది సారూ, స్వామి సమాధిల కూసున్నడు” అంటాడు. పోతులూరి వీరబ్రహ్మం కందిమల్లాయపల్లెలో సమాధిలోకి వెళ్లింది 1693లో అంటారు. వాన్ రీడ్ పోయిన రెండేళ్లకు! సిద్ధయ్యను పూల కోసం బనగానపల్లెకు పంపి ఈలోగా సమాధిలో కూర్చున్నారని, తిరిగొచ్చిన శిష్యుడు గోలపెడితే బయటికొచ్చి దండం, కమండలం, పాదుకలు ఇచ్చి మళ్లీ వెళ్లిపోయారని చెబుతారు. వీరభోగ వసంతరాయలుగా మళ్లీ వస్తారని ఎదురుచూస్తున్నారు.

ఇక్కడ దొంగ శవం లేదు, మారుపేరు లేదు, కుట్ర లేదు. ముందే చెప్పి, అందరూ చూస్తుండగా తలుపు వేసుకున్నారు. నమ్మేవాళ్లు నమ్ముతారు, లేనివాళ్లు దణ్ణం పెట్టి ఊరుకుంటారు. షరాఫ్ కథా అంతే. బేకన్ అభిమానులకు అది చాలలేదు. వాళ్ల కథ నిలబడాలంటే ఆయన అప్పులవాళ్లను ముంచి, బంధువుల చేత ఉత్తుత్తి ఏడుపులు ఏడిపించి పారిపోయి తీరాలి. పొగుడుతున్నామనుకుంటూ ఆయన్ని ఐపీ పెట్టిన షావుకారులా తయారుచేశారు.

పైగా కళ్లతో చూడనిదే, పరీక్షకు పెట్టనిదే ఏదీ ఒప్పుకోవద్దని జీవితమంతా మొత్తుకున్న మనిషి ఆయన. ఆఖరి రోజుల్లో మంచం మీద నుంచే, తాను పడుకున్న ఆ ఇంటి యజమాని అరుండెల్ ప్రభువుకు ఉత్తరం రాయించాడు. అగ్నిపర్వతాన్ని చూడబోయి ప్రాణం పోగొట్టుకున్న ప్లీనీ గతే తనకూ పట్టబోయిందని అందులో చెప్పుకున్నాడు. పరారయ్యేవాడి ఉత్తరంలా లేదది. నా మటుకు నాకు ఆ ఉత్తరం చాలు. బేకన్ 1626లోనే చనిపోయాడు, సెయింట్ ఆల్బన్స్‌లోని సెయింట్ మైకేల్ చర్చిలో పూడ్చారు.