అట్టమీద పేరు ఎవరిది?

'మనకు తెలియని మన చరిత్ర' 1986లో స్త్రీశక్తి సంఘటన పేరుతో వచ్చింది. రచయిత్రి పేరు ఉండాల్సిన చోట సంఘం పేరు ఉంది. లోపల మాత్రం కథనాలన్నీ మనుషుల పేర్లతోనే ఉన్నాయి: చిట్యాల ఐలమ్మ, దూడల సాలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ, ప్రియంవద, బ్రిజ్ రాణి, జమాలున్నీసా బాజీ... సేకరించినవాళ్లు సమూహంలో కలిసిపోయారు, చెప్పినవాళ్లు ఎవరికి వాళ్లుగా నిలబడ్డారు. పరిశోధనల్లో మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. మన సిద్ధాంత గ్రంథాల్లో 'ఒక వృద్ధురాలు', 'ఒక వ్యవసాయ కూలీ' అనే వాళ్లే ఉంటారు. అట్టమీద మన పేరూ, దాని ముందు డాక్టర్ అన్న మాటా ఉంటాయి.

సంఘటన 1978లో హైదరాబాద్‌లో ఏర్పడింది. ఈ పుస్తకానికి పనిచేసినవాళ్లలో కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, సూసీ తారూ, ఉమామహేశ్వరి, వీణా శత్రుఘ్న ఉన్నారు. ఇంగ్లీషు సాహిత్యం చెప్పేవాళ్లు, రాజనీతిశాస్త్రం చెప్పేవాళ్లు, ఉద్యమ కార్యకర్తలు, పోషకాహారం మీద పరిశోధన చేసే ఒక డాక్టరు. వృత్తి చరిత్రకారులు రాసిన పుస్తకం కాదిది. బహుశా అందుకే వాళ్లు అడగగలిగిన ప్రశ్నలు అడిగారు. 1972లో వచ్చిన పుచ్చలపల్లి సుందరయ్య గ్రంథంలో స్త్రీల త్యాగానికీ సాహసానికీ చోటుంది. అయితే అడవిలో దళంతో ఉండగా పసిబిడ్డను ఇచ్చేయాల్సి వచ్చిన కమలమ్మకు ఆ తర్వాత ఏమైంది? 1951లో పోరాటం విరమించాక 'ఇంక ఇళ్లకు పొండి' అన్నప్పుడు, తుపాకి పట్టిన ఆడవాళ్లకు ఆ ఇల్లు ఎలా కనిపించింది? ఇవి వీరగాథలో ఇమిడే ప్రశ్నలు కావు. పక్కన కూర్చుని, టీ తాగి, మళ్లీ ఇంకోసారి వెళ్లి అడిగితే గానీ జవాబు దొరకదు.

పాలకుర్తిలో తన నాలుగెకరాల పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న చనిపోయింది. ఆ మరుసటి ఏడాది పుస్తకం అచ్చయింది. ఇంకాస్త ఆలస్యంగా మొదలుపెట్టి ఉంటే ఆమె గురించి ఇతరులు చెప్పినవే మనకు మిగిలేవి. 1989లో ఇంగ్లీషు పుస్తకం వచ్చాక ఇది దేశమంతటా మౌఖిక చరిత్రకు పాఠమైంది. ఇంగ్లీషులో దొర, వెట్టి, గడి అన్న మాటలకు వివరణలు ఇవ్వాల్సి వస్తుంది. తెలుగులో ఆ మాటలు వినగానే ఒళ్లు మండుతుంది. నేను ఇప్పటికీ తెలుగు ప్రతినే నమ్ముతాను.

ఇప్పుడు మా తరం సంగతి. 2010లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ఉమ్మడి రచనలో ప్రధాన రచయితలకు 60 శాతం మార్కులు, మిగతా 40 శాతం తక్కినవాళ్లందరికీ సమానంగా. 2018లో లెక్క మారింది: ఇద్దరే అయితే చెరో 70, అంతకంటే ఎక్కువమంది అయితే ముఖ్యులకు 70, మిగతావాళ్లకు తలా 30. సంఘటనలాంటి ఒక పేరుతో రాస్తే ఈ పట్టికలో ఏ గడిలో వేస్తారు? ఒక ఇంటర్వ్యూలో నన్ను 'ఇందులో మీ వాటా ఎంత?' అని అడిగారు. వాటా అనే మాట భూమి పంపకాల్లోది. మాట చెప్పిన మనిషికి మాత్రం ఏ పట్టికలోనూ గడి లేదు.

అలాగని పేరు వదులుకోవడమే గొప్ప అనడానికీ నాకు మనసు ఒప్పదు. వదులుకోవడానికి ముందు అది మన దగ్గర ఉండాలి కదా. పేరున్న కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు సంఘం పేరు వెనక్కి తప్పుకుంటే అది ఔదార్యం అవుతుంది. శతాబ్దాలుగా కులం పేరుతోనే పిలిపించుకున్నవాళ్లను అలా తప్పుకోమనడం ఔదార్యం కాదు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో దళిత స్త్రీల సాహిత్యంతో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు, అట్టమీద ఆ పేరు ఉండటమే ఒక సంఘటన. 'మన చరిత్ర' అన్నప్పుడు ఆ 'మన'లో ఎవరెవరున్నారు అన్న ప్రశ్న 1990ల నుంచీ దళిత స్త్రీలు అడుగుతూనే ఉన్నారు. మల్లు స్వరాజ్యం కూడా సమష్టి పుస్తకంలో ఒక అధ్యాయంతో ఆగిపోలేదు. 2019లో 'నా మాటే తుపాకీ తూటా' అనే పూర్తి పుస్తకంగా తన కథ చెప్పుకుంది. విమల, కాత్యాయని దాన్ని అక్షరాల్లో పెట్టారు.

సమష్టి పేరు వెనక ఇంకొకటి కూడా దాగుతుంది: చాకిరీ. గంటసేపటి మాటను కాగితం మీదికి ఎత్తడానికి ఒక రోజంతా పడుతుంది. దగ్గూ, ఏడుపూ, మధ్యలో మనవణ్ని కేకేయడం, వీటిలో ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఆ రాసే మనిషే మొదట నిర్ణయిస్తుంది. ముందుమాట రాసేవాళ్ల కంటే ముందే పుస్తకానికి రూపమిచ్చేది ఆమె. చాలాసార్లు ఆమె ఎవరో విద్యార్థిని, కృతజ్ఞతల చివరి వరుసలో ఉంటుంది.

మేం నలుగురం రెండేళ్లుగా బీడీ కార్మికుల మాటలు సేకరిస్తున్నాం. చెప్పినవాళ్లలో ముగ్గురు తమ పేరు వేయమన్నారు, ఇద్దరు వద్దన్నారు, ఒకామె 'నా బిడ్డ పేరెయ్యి' అంది. రికార్డింగులన్నీ విని రాసిపెట్టిన అమ్మాయిని అడిగితే నవ్వి ఊరుకుంది. మళ్లీ అడగాలి.