విసనకర్రకు నోరు వచ్చిన కథ



కంప్యూటరుకు అదనంగా ఒక చిన్న పంకా కొని మదర్‌బోర్డుకు తగిలించడం చూడడానికి అయిదు నిమిషాల పని. కాని ఆ కనెక్టరులోని ఒక్కొక్క తీగ వెనుక ఒక్కొక్క కాలపు అవసరం దాగి ఉంది. ఆ చరిత్రే ఈ టపాలోని విషయం.

కంప్యూటరూ పంకా తోడబుట్టినవి. 1946 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో లోకానికి పరిచయమైన ఎనియాక్ యంత్రంలో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులుండేవి. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును ఆరగించి, దానిని వేడిగా వెలిగక్కేది. ఆ వేడిని వెళ్ళగొట్టడానికి పెద్ద బ్లోయర్లు అమర్చవలసి వచ్చింది.

ఇంటి కంప్యూటర్ల తొలిరోజుల్లో ఈ బాధ కొంత తగ్గింది. 1977 నాటి ఆపిల్-2కు రాడ్ హోల్ట్ రూపొందించిన పవర్ సప్లై తక్కువ వేడితో పనిచేయడం వల్ల పంకాయే అక్కరలేకపోయింది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో పవర్ సప్లైకి మాత్రం పంకా ఉండేది. 8088 ప్రాసెసరు ఏ ఆచ్ఛాదనా లేకుండా బోర్డు మీద కూర్చునేది. 1993లో పెంటియం వచ్చాక ప్రాసెసరు నెత్తిన హీట్‌సింకు, దాని మీద పంకా మామూలయ్యాయి.

అప్పటి పంకాలు చాలావరకు పవర్ సప్లై నుంచి వచ్చే పెద్ద నాలుగు పిన్నుల కనెక్టరు నుంచే కరెంటు తీసుకొనేవి. పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, నలుపు రెండూ గ్రౌండు. ఇక్కడే ఒక చిక్కుంది. చేత్తో విసనకర్ర విసిరే మనిషి అలసిపోతే చెప్పగలడు. దుమ్ము పట్టి ఆగిపోయిన పంకా ఎవరికి చెప్పుకుంటుంది? లోపల గాలి ఆడడం లేదని యంత్రానికి తెలియదు. తెలిసేసరికి ప్రాసెసరు ఉడికిపోతూ ఉంటుంది.

దీనికి జవాబుగా 1990ల మధ్యకాలం నుంచి మదర్‌బోర్డు మీదే మూడు పిన్నుల హెడరు వ్యాపించింది. ఒకటి గ్రౌండు, రెండవది 12 వోల్టులు, మూడవది వేగాన్ని నివేదించే తీగ. పంకా లోపల తిరిగే అయస్కాంతాన్ని ఒక హాల్ సెన్సరు గమనిస్తూ ఉంటుంది. దాని ఆధారంగా మామూలుగా చుట్టుకు రెండు స్పందనలు బోర్డుకు చేరుతాయి. సెకనుకు 40 స్పందనలు వస్తే నిమిషానికి 1,200 చుట్లన్నమాట. ఎడ్విన్ హాల్ 1879లో బాల్టిమోరులో కనుగొన్న భౌతిక ధర్మం ఆ విధంగా మూగ విసనకర్రకు నోరిచ్చింది. స్పందనలు ఆగిపోతే బోర్డు హెచ్చరిస్తుంది.

నోరు వచ్చింది కాని చెవి రాలేదు. వేగం తగ్గించాలంటే వోల్టేజీ తగ్గించాలి. మరీ తగ్గిస్తే పంకా కదలనే కదలదు. 2004 నాటి పెంటియం-4 ప్రాసెసర్లలో కొన్ని 100 వాట్లు దాటాయి. ఆ ఏటి ఇంటెల్ ప్రమాణంలో నాలుగవ తీగ చేరింది. 12 వోల్టులు స్థిరంగా ఉంటాయి; ఎంత వేగంగా తిరగాలో నాలుగవ తీగ మీద 25 కిలోహెర్ట్‌జ్ సంకేతం చెబుతుంది. మన చెవికి అందే అవధి సుమారు 20 కిలోహెర్ట్‌జ్ కనుక ఆ సంకేతపు రొద మనకు వినిపించదు.

ఈ చరిత్రలో నన్ను ఆకట్టుకొన్నది మరొకటి. ఆగమం మిత్రుని వలె వచ్చి పక్కన చేరుతుందనీ, ఆదేశం శత్రువు వలె పాతదాన్ని తొలగించి కూర్చుంటుందనీ వ్యాకరణ పాఠంలో చెప్పుకొంటాం. ‘మాయమ్మ’లోని యకారం ఎవరినీ కదపలేదు, ‘వాడుగొట్టె’లోని గకారం కకారాన్ని వెళ్ళగొట్టింది. నాలుగవ పిన్ను ఆగమం. మొదటి మూడు పిన్నుల వరుస మారలేదు. దారి చూపే ప్లాస్టిక్ పలక కూడా ఆ మూటికి ఎదురుగానే ఉంటుంది. అందువల్ల పాత మూడు తీగల పంకా కొత్త హెడరులోనూ, కొత్త పంకా పాత హెడరులోనూ ఇముడుతాయి. సొంత కనెక్టర్లు వాడే కొన్ని సంస్థల యంత్రాలకు ఈ సౌలభ్యం లేదు.

తగిలించదలచిన వారికి నాలుగు మాటలు. కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, పెట్టె లోహభాగాన్ని ఒకసారి తాకండి. ప్రాసెసరు పంకాను ‘సీపీయూ ఫ్యాన్’ అని రాసి ఉన్న చోటే పెట్టండి. అక్కడ స్పందన లేకపోతే చాలా బోర్డులు మొదట్లోనే మొరాయిస్తాయి. పలకకు పలక కలిపి నొక్కండి, బలప్రయోగం వద్దు. హెడరు సాధారణంగా 1 ఆంపియరు వరకే ఇస్తుంది; మాన్యువల్ చూడకుండా ఒకేచోట చాలా పంకాలు కలపవద్దు. మూడు తీగల పంకా ఎప్పుడూ పూర్తి వేగంతో హోరుమంటుంటే, బయోస్‌లో వోల్టేజీ పద్ధతి ఉందేమో చూసి మార్చండి.

పాతదానికి చోటు మిగిల్చిన ఒక ప్రమాణం వల్ల నేటికీ ఎన్నో పాత యంత్రాలు కొద్దిపాటి ఖర్చుతో మరికొన్ని వేసవులు గట్టెక్కుతున్నాయి. కొత్తదనం ఆగమమై రావడంలోని మేలు అదే.