మెరుపుదాడి లెక్క

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నెడి బంతియాట స్ఫురించును. అమెరికావారు ఆ పేరుతో పిలుచుకొనునది వేరొక ఆట. అందు కోలగానుండు బంతిని చేతబట్టుకొని పరుగెత్తవచ్చును, ముందుకు విసరవచ్చును. ఒక్కొక్క పక్షమున 11 మంది ఉందురు. బంతిగల పక్షము 4 ప్రయత్నములలో 10 గజములైనను ముందుకు సాగవలెను. లేనిచో బంతి ఎదుటివారి వశమగును.

బంతిని ముందుకు విసరుటకు నియమములు 1906లో అనుమతించినవి. అప్పటినుండి విసరువాడు, అనగా క్వార్టర్‌బాక్, ఆటకు కేంద్రమయ్యెను. అతని ముందు 5గురు కాపుదారులు గోడవలె నిలుతురు. మరి 5గురు బంతిని అందుకొనుటకు అర్హులు. ఎదుటి పక్షము సాధారణముగా 4గురిని మాత్రమే అతనిపైకి పంపి, తక్కిన 7గురిని కాపలాకు ఉంచును. ఆ 7గురిలో ఒకరో ఇద్దరో హఠాత్తుగా విరుచుకొనిపడుటయే ‘బ్లిట్జ్’. ఇది మెరుపు అను అర్థముగల జర్మన్ మాట. పూర్వము దీనినే ‘రెడ్ డాగ్’ అనెడివారు. 1960లలో సెయింట్ లూయీ కార్డినల్స్ జట్టులోని లారీ విల్సన్, అందరికంటె వెనుక కాపలా కాయవలసినవాడై యుండియు, ముందుకు దూకి ఈ ఎత్తుకు ప్రసిద్ధి తెచ్చెను.

ఇందలి లెక్క సులభమే. 6గురు దూకినచో కాపుదారులు 5గురే గనుక ఒకడు అడ్డులేక చొచ్చుకొనిపోవును. కాని వెనుక 5గురిని కాయుటకు 5గురే మిగులుదురు. ఒక్కడు తప్పినను ఆదుకొనువాడుండడు. అందుకొనువారిలో ఒకడు ఆగి కాపుదారులకు తోడైనచో లెక్క మరల సమమగును. కనుక ఎందరు దూకిరనుటకంటె, ఎవరు ఎటునుండి దూకుదురో తెలియనీయకుండుటయే ముఖ్యము.

ఈ లెక్కను యంత్రములోనికి ఎక్కించుటకు చాలకాలము పట్టినది. 1978లో అటారీ కంపెనీవారి యంత్రమున ఆటగాండ్రు ఇంటు గుర్తులుగను, సున్నాలుగను మాత్రమే కనిపించిరి. కొంతకాలమునకు ఎలెక్ట్రానిక్ ఆర్ట్స్ స్థాపకుడైన ట్రిప్ హాకిన్స్, ఓక్‌లండ్ రైడర్స్ జట్టుకు 1969 నుండి 1978 వరకు శిక్షకుడైన జాన్ మాడెన్‌ను ఆశ్రయించెను. ఆనాటి చిన్న కంప్యూటరులో 22 మందిని ఒక్కసారి కదలించుట కష్టము. జట్టులో కొందరిని తగ్గింతుమని సూచింపగా మాడెన్ ఒప్పుకొనలేదు. 11 మంది లేనిదే అది ఫుట్‌బాలు కాదని పట్టుపట్టెను. పై లెక్క చూచినచో ఆ పట్టుదలకు కారణము తెలియగలదు. మనుషులను తగ్గించిన 5గురికి 6గురు అను పొత్తే చెడిపోవును. మెరుపుదాడికి అర్థమే ఉండదు. సంవత్సరములు గడచి, 1988లో ఆపిల్ II కంప్యూటరుపై ఆ ఆట 11 మందితోనే వెలువడెను.

జపాను దేశపు టెక్మో కంపెనీ వేరొక త్రోవ త్రొక్కెను. ఇండ్లలో ఆడు నింటెండో యంత్రమునకై వారు చేసిన ‘టెక్మో బౌల్’లో పక్షమునకు 9 మందియే. బంతిగలవానికి 4 ఎత్తులు. వానిలో ఏది రానున్నదో ఎదుటివాడు ఊహింపవలెను. ఊహ నిజమైనచో అతని మనుషులు గోడను ఛేదించుకొని వత్తురు. గుడ్డిగా ఎంచినచో నాలుగింట ఒకమారు ఫలించును. ప్రత్యర్థి అలవాట్లు కనిపెట్టినవానికి అంతకంటె హెచ్చుగా ఫలించును.

ఇచ్చట గణితము తోడ్పడును. 1928లో జాన్ వాన్ నాయ్మన్ నిరూపించిన సిద్ధాంతమును ఒక కల్పిత ఉదాహరణతో చూతము. మనము దాడి చేయగా ప్రత్యర్థి దూరముగా విసరబోయిన 6 గజములు నష్టపోవుననియు, దగ్గరగా విసరిన 10 గజములు గెలుచుననియు అనుకొందము. దాడి చేయనిచో దూరపు విసరు 12 గజములు, దగ్గరిది 4 గజములు తెచ్చుననుకొందము. ఎల్లప్పుడు దాడి చేసిన అతడు దగ్గరగా విసరి 10 గజములు పొందును. ఎన్నడును చేయనిచో 12 పొందును. మూడింట ఒకమారు, వరుస తెలియకుండ దాడి చేసినచో, ఏది ఎంచుకొన్నను అతనికి సగటున 6 గజములే దక్కును. పాచిక వేసి ఒకటో రెండో పడినప్పుడే దాడి చేయుట వంటిది ఇది.

నేటి ఆటలలో ఎవరిని ఎవరు అడ్డవలెనో నిర్ణయించునది ప్రోగ్రామే. అందుచే నేర్పరులు ఒకే ప్రక్కకు మనుషులను చేర్చి అక్కడి కాపుదారులకు పని మించునట్లు చేయుదురు. కొందరు దూకునట్లు నటించి వెనుకకు మరలుదురు. ఈ ఉపాయమును నిజమైన మైదానమున 1980లలో సిన్సినాటి జట్టు శిక్షకుడు డిక్ లెబో పెంపొందించెను. దూకువాడు గీతకు చేరువనుండి బయలుదేరవలెను. దూరమునుండి వచ్చినచో అతడు చేరులోపలనే బంతి చేయి దాటును. ఇక తన ఆధీనమున ఉన్న ఒక్క ఆటగానిని దూకింపక, దూకినవాడు విడిచిన ఖాళీలో నిలుపుట మేలు. తొందరపడిన క్వార్టర్‌బాక్ సాధారణముగా అచ్చటికే బంతిని విసరును.

మాడెన్ 2021లో మరణించెను. ఆయన పేరుతో ఆ ఆట నేటికిని వెలువడుచున్నది. యంత్రములు ఎంత పెరిగినను ఆ లెక్క మారలేదు: ముందుకు పంపిన ప్రతి మనిషియు వెనుకనుండి తీసినవాడే. ఆ లోటు ఎక్కడ ఉన్నదో ప్రత్యర్థికి తెలియునంతలో పని ముగియవలెను.